రంగు విరిగితే నీళ్లు బాగుపడ్డట్టేనా?

సందేహాలు - సమాధానాలు

వెలుగు తగిలితే పనిచేసే ఉత్ప్రేరకాలతో అద్దకపు నీళ్లను శుభ్రం చేయవచ్చా అని అడుగుతూ కొరాపుట్, రాయగడ జిల్లాల తెలుగువారు ఉత్తరాలు రాశారు. నాగావళి దిగువన ఉన్న పాలకొండ వైపు నుంచీ ఒకటి వచ్చింది. వాటికి ఈసారి జవాబులు.

*

మాది రాయగడ. మా మామగారి కాలం నుంచి నూలు అద్దకమే మా జీవనం. రియాక్టివ్ రంగులు వాడతాం. పని అయ్యాక తొట్టిలో నీళ్లు పెరటి కాలువలోంచి గెడ్డలోకి పోతాయి. ఎరుపు వేసిన రోజున కాలువ పొడుగునా ఎర్రగానే ఉంటుంది. ఇరుగుపొరుగు గొడవ పడుతున్నారు. ఎండలో రంగును విరిచేసే పొడి ఒకటి ఉందని మా అబ్బాయి ఫోనులో చూపించాడు. తెచ్చి తొట్టిలో కలిపేస్తే సరిపోతుందా?
- ఒక గృహిణి, రాయగడ

అమ్మా, ఆ పొడి ఉన్నమాట నిజం, పనిచేసేమాటా నిజం. మీ తొట్టిలో మాత్రం అది పనిచేయదు.

మీ అబ్బాయి చూపించింది టైటానియం డయాక్సైడ్ గానీ, దానికి మార్పులు చేసిన రకం గానీ అయి ఉంటుంది. దాని రేణువు మీద తగినంత శక్తి గల వెలుగు పడితే లోపలి ఎలక్ట్రాన్ ఒకటి పై స్థాయికి ఎగురుతుంది. అది వదిలిన చోట ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీ పక్కనున్న నీటి నుంచి ఎలక్ట్రాన్‌ను లాక్కుని హైడ్రాక్సిల్ రాడికల్‌ను పుట్టిస్తుంది. ఎగిరిన ఎలక్ట్రాన్ నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను పట్టుకుని ఇంకో రకం రాడికల్‌ను తయారుచేస్తుంది. ఇవి రెండూ రంగు అణువును దొరికినచోటల్లా తెంచుతాయి. పని పూర్తిగా జరిగితే చివరకు మిగిలేవి కార్బన్ డయాక్సైడ్, నీళ్లు, కొద్దిగా నైట్రేటు, సల్ఫేటు లవణాలు. పొడి ఖర్చు కాదు.

ఇదంతా జరగాలంటే వెలుగు రేణువు దాకా రావాలి, రంగు అణువు కూడా రేణువు దగ్గరికి రావాలి. మీ తొట్టిలో ఈ రెండూ జరగవు. చిక్కని ఎర్ర నీటిలో వెలుగు వేలెడు లోతుకైనా దిగదు, అడుగున ఉన్న పొడి చీకట్లోనే ఉంటుంది. రియాక్టివ్ రంగుకు మీరు సోడా వేస్తారు కాబట్టి నీళ్ల పీహెచ్ పది దాటి ఉంటుంది. అంత క్షారంలో టైటానియం రేణువు పైభాగానికి రుణావేశం వస్తుంది. మీ రంగు అణువుదీ రుణావేశమే. రెండూ ఒకదాన్నొకటి నెట్టేసుకుంటాయి. పైగా సోడాలోని కార్బొనేటు, మీరు వేసే ఉప్పులోని క్లోరైడు రాడికళ్లను దారిలోనే మింగేస్తాయి.

ఉప్పు సంగతి విడిగా చెప్పాలి. రియాక్టివ్ రంగు నూలుకు పట్టడానికి లీటరుకు 40 నుంచి 80 గ్రాముల దాకా ఉప్పు వాడతారు. ముదురు రంగైతే ఇంకా ఎక్కువ. అదంతా నీళ్లతోనే బయటికి పోతుంది. రంగును విరిచే ఉత్ప్రేరకాలు ఉన్నాయి గానీ ఉప్పును విరిచే ఉత్ప్రేరకం ఏదీ లేదు. తిరుప్పూర్‌లో నొయ్యల్ నదినీ, కిందనున్న ఒరత్తుపాళయం ఆనకట్టనూ పాడుచేసింది రంగు ఒక్కటే కాదు, ఈ ఉప్పు కూడా. 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు అక్కడి అద్దకం యూనిట్లను మూయించింది. చుక్క నీరు కూడా బయటికి వదలకుండా శుద్ధి చేసుకుంటేనే తెరవాలన్న పట్టు అక్కడ గట్టిగా అమలైంది.

మీరు మొదట చేయాల్సింది పొడి కొనడం కాదు, నీళ్లను వేరుచేయడం. రంగు వేసిన మొదటి తొట్టి నీళ్లు కొద్దే గానీ చిక్కనివి. ఉప్పంతా అందులోనే ఉంటుంది. ఆ తర్వాత జాడించిన నీళ్లు ఎక్కువ, పలచన. ఇప్పుడు రెండిటినీ ఒకే కాలువలో కలిపి మొత్తాన్నీ చెడగొట్టుకుంటున్నారు. మొదటి తొట్టి నీళ్లను ప్లాస్టిక్ పట్టా పరిచిన లోతులేని మడిలోకి తోడి ఎండకు ఆవిరి కానివ్వండి. వాన పడకుండా పైన కప్పు ఉండాలి. కొరాపుట్ కొండల పక్క వానాకాలం ఎలా ఉంటుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. అడుగున మిగిలే ఉప్పు, రంగు పెచ్చును సంచుల్లో దాచి, కాలుష్య నియంత్రణ మండలి చెప్పిన చోటికే పంపాలి. చేలో చల్లకూడదు. జాడింపు నీళ్లకు సున్నం, అన్నభేది కలిపి తేటపరిస్తే రంగు చాలావరకు బురదతో దిగుతుంది. అప్పటికీ లేతగా మిగిలిన రంగుకు వెలుగు ఉత్ప్రేరకం సరైనది. గాజు పలకల మీదో, పింగాణీ గోలీల మీదో గట్టిగా అంటించిన ఉత్ప్రేరకం మీదుగా ఆ నీటిని పలచగా పారించాలి. వదులు పొడి కలిపితే అది కూడా గెడ్డలోకే పోతుంది. ఒక్క ఇల్లు ఇంత చేయడం భారమే. మీ వీధిలో అద్దకం చేసేవాళ్లు నలుగురు కలిస్తే ఒక తొట్టి, ఒక మడి అందరికీ సరిపోతాయి.

ఇంకొక మాట. రియాక్టివ్ రంగులో నూలు పట్టుకునేది నూటికి 60 నుంచి 90 పాళ్లే, మిగతాది మీరు డబ్బు పెట్టి కొని కాలువలో పోస్తున్నదే. వేడి, సమయం, నూలు బరువుకు తగ్గ రంగు తూకం సరిచూసుకుంటే ఆ నష్టం తగ్గుతుంది.

*

ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదువుతున్నాను. ఏ పరిశోధన పత్రం తెరిచినా 'సవరించిన ఉత్ప్రేరకం', '95 శాతం రంగు పోయింది' అని ఉంటోంది. సవరించడం అంటే అసలు ఏంటి సార్? ఇన్ని విజయాలు ఉంటే ఫ్యాక్టరీల్లో ఎందుకు కనిపించవు?
- విద్యార్థి, కొరాపుట్

1972లో జపాన్ శాస్త్రవేత్తలు ఫుజిషిమా, హోండా టైటానియం డయాక్సైడ్ ఎలక్ట్రోడ్ మీద వెలుగు వేసి నీటిని విడగొట్టినట్టు ప్రకటించారు. 1977లో ఫ్రాంక్, బార్డ్ అదే పదార్థంతో నీటిలోని సైనైడును విరిచి చూపించారు. నీటి శుద్ధి వైపు దారి అక్కడి నుంచే పడింది. అయితే దానికి పుట్టుకతోనే ఒక లోపం ఉంది. అనటేజ్ రూపంలో దాని శక్తి అంతరం 3.2 ఎలక్ట్రాన్ వోల్టులు. అంటే 387 నానోమీటర్ల కన్నా పొట్టి తరంగాలకే, అతినీలలోహిత కాంతికే అది మేల్కొంటుంది. నేలను చేరే ఎండలో అలాంటి కాంతి నూటికి నాలుగైదు పాళ్లకు మించదు. మిగతా ఎండంతా దానికి అక్కరకు రాదు. రెండో లోపం, ఎగిరిన ఎలక్ట్రాన్ చాలాసార్లు తిరిగొచ్చి ఖాళీలోనే పడిపోతుంది. నానోసెకన్లలో జరిగే ఈ పునఃకలయికలో పట్టిన వెలుగంతా వేడిగా మారి వృథా అవుతుంది.

సవరణలన్నీ ఈ రెండు లోపాల మీద యుద్ధమే. 2001లో అసాహీ, ఆయన సహచరులు నత్రజనిని చొప్పించి కంటికి కనిపించే వెలుగులో కూడా టైటానియం డయాక్సైడ్‌తో పనిచేయించామని ప్రకటించారు. వెండి రేణువులు అద్దితే అవి ఎలక్ట్రాన్‌ను తమ దగ్గర నిలిపి, వెనక్కి పడిపోకుండా చూస్తాయి. అసలు లోహమే లేని గ్రాఫైటిక్ కార్బన్ నైట్రైడ్ 2009 తర్వాత బాగా ప్రచారంలోకి వచ్చింది. యూరియా, మెలమిన్ లాంటివాటిని సుమారు 550 డిగ్రీల దగ్గర కాల్చి చేస్తారు. దాని అంతరం 2.7 ఎలక్ట్రాన్ వోల్టులు కాబట్టి నీలి వెలుగు కూడా దానికి పనికొస్తుంది. రెండు అర్ధవాహకాలను అతికించి ఎలక్ట్రాన్‌ను ఒకదానిలోకి, ఖాళీని మరొకదానిలోకి పంపేవారూ ఉన్నారు. రేణువు మధ్యలో మాగ్నటైట్ పెట్టి, పని అయ్యాక అయస్కాంతంతో లాగేయడం ఇంకో మంచి ఆలోచన.

ప్రతి సవరణకూ ఒక మూల్యం ఉంటుంది. చొప్పించిన పరమాణువు వెలుగును ఎక్కువ పట్టిస్తుంది, తానే కొత్త పునఃకలయిక స్థావరం కూడా అవుతుంది. అంతరం తగ్గిస్తే ఖాళీకి ఆక్సీకరణ శక్తి తగ్గవచ్చు. అప్పుడు హైడ్రాక్సిల్ రాడికల్ పుట్టడమే కష్టమవుతుంది. వెండి ఖరీదు, పైగా కొద్దికొద్దిగా కరిగి నీటిలోకి వచ్చి చేపలకు హాని చేస్తుంది.

'95 శాతం' చదివేటప్పుడు ఈ ప్రశ్నలు పక్కన పెట్టుకో. వెలుగు వేసే ముందు అరగంటైనా చీకట్లో కలిపి ఉంచారా? లేకపోతే రంగు పొడికి అంటుకుని మాయమైనదాన్ని కూడా విరిగిన లెక్కలో వేసి ఉంటారు. పొడి లేకుండా వెలుగు మాత్రమే వేసి చూశారా? కొన్ని రంగులు ఒట్టి ఎండకే వెలిసిపోతాయి. పరీక్షకు వాడిన రంగు మిథిలీన్ బ్లూనేనా? అలాగైతే మరింత జాగ్రత్త. ఆ రంగు తానే కనిపించే వెలుగును పట్టుకుని తన ఎలక్ట్రాన్‌ను ఉత్ప్రేరకానికి అందించి తనంతట తానే వెలిసిపోగలదు. దానితో 'కనిపించే వెలుగులో పనిచేసే ఉత్ప్రేరకం' అని చాటితే ఆ మాట నిలవదు. ఎలక్ట్రాన్‌ను పుచ్చుకుని రంగులేని ల్యూకో రూపంలోకి మారి, గాలి తగలగానే మళ్లీ నీలంగా తేలే గుణం కూడా దానికి ఉంది.

అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న, మొత్తం సేంద్రియ కార్బన్ ఎంత తగ్గింది? వస్త్ర రంగుల్లో సగానికి పైగా అజో రంగులే. రెండు నైట్రోజన్ల మధ్య జంట బంధం తెగితే చాలు, రంగు పోతుంది. తెగిన ముక్కల్లో సుగంధ అమీన్లు ఉండవచ్చు. వాటిలో కొన్ని క్యాన్సర్ కారకాలు. 1990లలో మన ప్రభుత్వం బెంజిడీన్ జాతి రంగులను, హానికర అమీన్లు విడుదల చేసే మరికొన్ని అజో రంగులను నిషేధించింది కూడా ఈ భయంతోనే. కాబట్టి రంగు 95 శాతం పోయి, కార్బన్ 30 శాతమే తగ్గిందంటే గాజు పాత్రలో కంటికి కనిపించని చెత్త మిగిలి ఉందని అర్థం. వెలుగును ఇంకా కొంతసేపు ఉంచి ఆ ముక్కలను కూడా విరిచేదాకా లాగడమే ఈ విద్యలో అసలు పని.

ఫ్యాక్టరీల్లో ఎందుకు లేవంటే, పత్రాల్లోని నీళ్లు స్వేదనజలం, రంగు లీటరుకు 10 మిల్లీగ్రాములు, పాత్ర 100 మిల్లీలీటర్లు. కాలువ నీళ్లలో ఉప్పు, సోడా, సబ్బు, నూనె, పిండి అన్నీ ఉంటాయి. అవి రోజుకు వేల లీటర్లు. స్పెయిన్‌లోని అల్మేరియా సౌర పరిశోధన కేంద్రంలో వంపు అద్దాల తొట్లతో ఎండను గాజు గొట్టాల మీదికి మళ్లించి పెద్ద ఎత్తున ప్రయోగాలు చేశారు. పద్ధతి సాధ్యమేనని అక్కడ తేలింది, స్థలం, సమయం ఎంత అడుగుతుందో కూడా తేలింది. నీ ప్రాజెక్టుకు కొత్త ఉత్ప్రేరకం కనిపెట్టక్కర్లేదు, నాయనా. ఉన్నదాన్ని తీసుకుని రాయగడ అద్దకపు తొట్టిలోని అసలు నీటితో పరీక్షించి, ఫలితం పదిహేను శాతమే వచ్చినా నిజాయతీగా రాయి. ఆ పత్రం చాలామందికి పనికొస్తుంది.

*

మా బడిలో సైన్సు ప్రదర్శనకు దీన్ని పిల్లలతో చేయించాలని ఉంది. మా దగ్గర దీపం, యంత్రాలు ఏమీ లేవు. ఎండ మాత్రం ఉంది.
- ఉపాధ్యాయిని, కకిరిగుమ్మ

ఎండ చాలు మేడమ్. కాలేజీ ల్యాబులో అడిగి కొద్దిగా మిథిలీన్ బ్లూ తెచ్చుకోండి. లీటరు నీటికి 10 మిల్లీగ్రాములు, అంటే చిటికెలో చిన్న భాగం. జింక్ ఆక్సైడ్ పొడి రసాయనాల దుకాణంలో దొరుకుతుంది, లీటరుకు ఒక గ్రాము. ఒకే రకం పారదర్శకమైన సీసాలు నాలుగు తీసుకోండి. మొదటిది రంగు మాత్రమే, ఎండలో. రెండోది రంగు, పొడి, నల్లగుడ్డ చుట్టి ఎండలోనే. మూడోది రంగు, పొడి, ఎండలో. నాలుగోది రంగు మాత్రమే, చీకటి అల్మరాలో. ఉదయం పది నుంచి మధ్యాహ్నం రెండు లోపల పెట్టి, మధ్యమధ్యలో మూత తీసి కదపండి. నీటిలోకి గాలి చేరాలి. అరగంటకోసారి కొద్ది నీటిని తీసి, పొడి తేరుకున్నాక తెల్లకాగితం ముందు పెట్టి పోల్చమనండి.

నాలుగు సీసాలూ తప్పనిసరి. మూడోది మాత్రమే పెట్టి 'చూశారా, మాయమైపోయింది' అంటే పిల్లలకు గారడీ చూపినట్టే. మిగతా మూడింటితో పోల్చినప్పుడే వాళ్లకు సైన్సు తెలుస్తుంది. చేతులకు గ్లవ్స్ వేయించండి, ఆ నీలం చర్మానికి అంటితే ఓ పట్టాన పోదు. అయిపోయిన నీటిని మొక్కలకు గానీ గెడ్డలోకి గానీ పోయవద్దు, జింక్ కరిగి చేపలను చంపుతుంది. పొడి తేరాక దాన్ని ఎండబెట్టి వచ్చే ఏడాదికి దాచుకోండి. మబ్బు రోజున ఏమవుతుందో కూడా చేయించి చూపండి, జూలైలో మీ ఊళ్లో అందుకు కొదవ ఉండదు.

*

దమన్‌జోడి, దొరగుడ అల్యూమినా కర్మాగారాల ఎర్రమట్టి గుట్టలు చూస్తూనే ఉంటాం. అందులో ఇనుము, టైటానియం ఉన్నాయంటారు. దానితోనే రంగు నీళ్లు శుభ్రం చేయవచ్చు కదా?
- పేరు రాయవద్దన్న పాఠకుడు, కకిరిగుమ్మ

తెలివైన ప్రశ్న. బాక్సైటును కాస్టిక్ సోడాతో ఉడికించి అల్యూమినా తీశాక మిగిలేదే ఆ ఎర్రమట్టి. టన్ను అల్యూమినాకు రమారమి టన్ను నుంచి టన్నున్నర దాకా వస్తుంది. ఎరుపుకు కారణం ఐరన్ ఆక్సైడ్. టైటానియం డయాక్సైడ్ కూడా కొద్ది పాళ్లలో ఉంటుంది. ఆ ఐరన్ ఆక్సైడ్ కనిపించే వెలుగునే పట్టుకోగలదు, అది మంచి గుణం. కానీ దానిలో పుట్టిన ఖాళీ కొద్ది నానోమీటర్లు కూడా నడవకముందే ఎలక్ట్రాన్‌తో కలిసిపోతుంది. అందుకే వెలుగుతో మాత్రమే ఎక్కువ పని జరగదు. హైడ్రోజన్ పెరాక్సైడ్ తోడు చేస్తే కథ మారుతుంది. ఇనుము తోడైతే పెరాక్సైడ్ సేంద్రియ పదార్థాన్ని వేగంగా ఆక్సీకరిస్తుందని ఫెంటన్ 1894లోనే చూపాడు, అది రాడికళ్ల పనేనని తర్వాత తేలింది. వెలుగు తోడైతే ఆ పని ఇంకా వేగంగా సాగుతుంది. ఎర్రమట్టిని ఆమ్లంతో కడిగి, కాల్చి, ఇలా రంగుల మీద వాడే పరిశోధనలు చాలా దేశాల్లో జరుగుతున్నాయి.

అంతమాత్రాన గుట్ట నుంచి గంపెడు తెచ్చి వాడేయవద్దు. ఆ మట్టిలో మిగిలిన కాస్టిక్ వల్ల క్షారం చాలా ఎక్కువ, చర్మం ఒలిచేస్తుంది. కొద్ది మోతాదులో క్రోమియం, ఆర్సెనిక్ లాంటివీ ఉండవచ్చు. 2010 అక్టోబరులో హంగరీలోని అయ్‌కా దగ్గర ఎర్రమట్టి చెరువు గట్టు తెగి పది మంది చనిపోయారు, ఎంతోమందికి ఒళ్లు కాలింది. కడగడానికి పట్టే నీరు, ఆమ్లం కూడా లెక్కలో వేసుకోవాలి. కొండ పక్కనే ఉన్న ముడిసరుకుతో మన ప్రాంతపు కాలేజీల్లో ఈ పరిశోధన జరగాలని నాకు గట్టిగా ఉంది. ఆ పని ల్యాబులోనే, కడిగినదాని నుంచి ఏ లోహం ఎంత కరిగి వస్తోందో కొలుస్తూ జరగాలి.

*

గోడలకు వేసే తెల్ల పెయింటులో కూడా టైటానియం డయాక్సైడే కదా. అద్దకపు కాలువ గోడలకు అది పూస్తే?
- పెయింటర్, జయపూర్

పనిచేయదు. పెయింటుకు వాడేది ఎక్కువగా రూటైల్ రూపం. దాని ప్రతి రేణువుకూ అల్యూమినా, సిలికా పూత వేసి ఉత్ప్రేరక గుణాన్ని కావాలనే చంపేస్తారు. చంపకపోతే ఎండకు అది ముందు పెయింటులోని జిగురునే తినేస్తుంది, గోడ ముట్టుకుంటే చేతికి సుద్దలా అంటుతుంది.

*

కొట్‌పాడ్ నేత చీరలు అమ్ముతాం. చెట్టు వేరు రంగు కాబట్టి ఈ బాధలేవీ లేవని కొనేవాళ్లకు చెప్పవచ్చా?
- వస్త్ర వ్యాపారి, కొరాపుట్

చాలావరకు చెప్పవచ్చు, గర్వంగానే చెప్పండి. కొట్‌పాడ్‌లో మిర్గాన్ నేతగాళ్లు తొగరు చెట్టు వేరు బెరడు నుంచి తీసే ఎరుపు, దానికి అన్నభేది చేరితే వచ్చే కాఫీగింజ నలుపు, ఆముదం, పేడ, బూడిదలతో నూలును రోజుల తరబడి మర్దించే పద్ధతి దేశానికే ఆస్తి. 2005లో భౌగోళిక గుర్తింపు దక్కింది. అక్కడి నేతగాడు గోవర్ధన్ పనికా 2018లో పద్మశ్రీ అందుకున్నారు. ఈ రంగు నీటిలో లీటరుకు యాభై గ్రాముల ఉప్పు ఉండదు, అజో బంధం ఉండదు. వేరులోని రంగు మట్టిలోని సూక్ష్మజీవులకు లొంగుతుంది.

అయినా 'నీటికి ఏ హానీ లేదు' అనకండి. పేడ, నూనె, వేరు పిప్పి కలిసిన నీళ్లు చిన్న కుంటలోకి పోతే అవి కుళ్లేటప్పుడు ఆక్సిజన్ అంతా తినేసి చేపలను చంపుతాయి. బూడిద నీటిలో క్షారం, అన్నభేదిలో ఇనుము ఉన్నాయి. ఇలాంటి నీటికి వెలుగు ఉత్ప్రేరకం అనవసరం. ఇసుక, బొగ్గు పరిచిన గుంతలో ఊరనిచ్చి, గట్టున మెట్టతామర మొక్కలు పెంచితే చాలు. వేరు కోసం చెట్లను తవ్వుకుంటూ పోతే అడవికి నష్టం కాబట్టి నాటించే పనికి మీ లాభంలో కొంత ఇవ్వగలిగితే మరీ మంచిది.

*

నాగావళి కింద వరి వేస్తాం. మా ఊరి కాలువలో కలిసే నీళ్లు ఇదివరకు రంగురంగులుగా ఉండేవి. ఇప్పుడు ఎగువన ఏదో పొడి కలిపి తేటగా వదులుతున్నారు. చేలోకి పెట్టుకోవచ్చా?
- రైతు, పాలకొండ

ఆ పొడి ఏమిటో ముందు కనుక్కోండి. ఎక్కువచోట్ల అది బ్లీచింగ్ పౌడరే అవుతుంది. క్లోరిన్ రంగు బంధాన్ని తెంచి నీటిని క్షణాల్లో తెల్లబరుస్తుంది, కానీ అణువు మిగతా భాగం అలాగే ఉంటుంది. దానికి క్లోరిన్ అతుక్కుని కొత్త విషాలు తయారయ్యే అవకాశం కూడా ఉంది. రంగు ఉన్నప్పుడు కనీసం కంటికి తెలిసేది, ఇప్పుడు అదీ తెలియదు. నా మట్టుకు నేను, రంగు నీటి కన్నా అలా బ్లీచ్ చేసిన నీటికే ఎక్కువ భయపడతాను.

ముందు పరీక్ష చేయించండి. భూసార పరీక్ష కేంద్రంలో సాగునీటిని కూడా చూస్తారు. పీహెచ్, విద్యుత్ వాహకత, సోడియం పాలు అడగండి. అద్దకపు ఉప్పు అక్కడే దొరికిపోతుంది. సోడియం ఎక్కువైతే నేల గట్టిపడి నీరు ఇంకదు, నారు పీలగా వస్తుంది. సేంద్రియ వ్యర్థం తెలియాలంటే రసాయన ఆక్సిజన్ అవసరం, అంటే సీఓడీ పరీక్ష కావాలి. అది కాలుష్య నియంత్రణ మండలి ల్యాబులో చేస్తారు. నీటిని మధ్యాహ్నం తీరిగ్గా పట్టుకురాకండి. ఎగువన తొట్లు ఖాళీ చేసే వేళ ఏదో గమనించి, ఆ నీరు మీ కాలువకు చేరే సమయానికి, కలిసే చోటికి పైన ఒకటి, కింద ఒకటి, శుభ్రమైన సీసాల్లో నిండుగా పట్టి, సీసా మీద తేదీ, గంట, చోటు రాయండి. పంచాయతీ కార్యదర్శి చేత సాక్షి సంతకం కూడా పెట్టించుకోండి. ఫలితం వచ్చేదాకా ఆ కాలువ మడవలను నారుమడి వైపు మూసి ఉంచండి.